అమ్మగారి షుగర్‌కు ఊరా, అనంతపురమా, బెంగళూరా?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా ఉరవకొండ దగ్గర పల్లె. మా అమ్మకు 60 ఏళ్లు. 14 ఏళ్లుగా షుగర్, 8 ఏళ్లుగా బీపీ ఉన్నాయి. ఏడాదికి రెండుసార్లు బెంగళూరులో చూపిస్తాం. మధ్యలో 104 బండి దగ్గరా మాత్రలు తీసుకుంటుంది. మోకాళ్ల నొప్పికి, నీరసానికి ఊళ్లో ఆర్‌ఎంపీతో సూదులు వేయించుకుంటుంది. ఈ మధ్య తెల్లవారుజామున చెమటలు పట్టి వణుకుతోంది, గ్లూకోజ్ ఎక్కిస్తే తేరుకుంటోంది. కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్షలో క్రియాటినిన్ 1.6 వచ్చింది. బంధువులు పుట్టపర్తికి తీసుకెళ్లమంటున్నారు, అమ్మకేమో ఆర్‌ఎంపీ హస్తవాసి మీదే గురి. ఎక్కడ చూపించాలి? మాత్రల ఫొటోలు పంపుతున్నాను.

డాక్టర్ సలహా: ఎక్కడ అన్న దానికంటే ముందు, మీరు పంపిన ఫొటోల్లో కనిపించినది చెప్పాలి. బెంగళూరులో రాసిన మాత్రలో షుగర్ తగ్గించే రెండు మందులు, గ్లిమిపిరైడ్ 2 మిల్లీగ్రాములు, మెట్‌ఫార్మిన్ 1000 మిల్లీగ్రాములు కలిసి ఉన్నాయి, దాన్ని రోజుకు రెండుసార్లు వేసుకోమన్నారు. 104 బండిలో ఇచ్చిన షీటు వెనక చిన్న అక్షరాల్లో ఉన్నదీ గ్లిమిపిరైడే. రంగు వేరు, పేరు వేరు కావడంతో అమ్మగారు రెండూ వేసుకుంటున్నారు. కిడ్నీలు మందగించినప్పుడు ఈ మందు ప్రభావం ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది. అందువల్ల తెల్లవారుజామున వచ్చే ఆ చెమటలు, వణుకు నీరసం కాదని, షుగర్ బాగా పడిపోవడమేనని నా అనుమానం. గ్లూకోజ్ ఎక్కించగానే ఆమె తేరుకోవడమే ఇందుకు పెద్ద ఆధారం. సీసాలోని చక్కెర చేసిన మేలు హస్తవాసి ఖాతాలో పడింది, అసలు కారణం మాత్రం ఎవరికీ కనపడకుండా ఉండిపోయింది.

డాక్టరు చూసేదాకా 104 బండి గ్లిమిపిరైడ్‌ను పక్కన పెట్టండి, మిగతా మందులు మీ అంతట మీరు ఆపవద్దు. రేపే మాత్రలన్నీ, ఖాళీ షీట్లతో సహా, ఒక సంచిలో వేసుకుని ఉరవకొండ ప్రభుత్వాసుపత్రిలో చూపించండి. ఆమె వయసుకు, 1.6 క్రియాటినిన్‌కు లెక్క కడితే కిడ్నీల వడపోత సామర్థ్యం సుమారు 37 వస్తుంది. అది 30కీ 45కీ మధ్య ఉన్నవారికి మెట్‌ఫార్మిన్ సాధారణంగా రోజుకు 1000 మిల్లీగ్రాములు దాటనివ్వం, ఆమె 2000 వేసుకుంటున్నారు. ఈలోగా వణుకు వస్తే గ్లూకోమీటరుతో చూడండి. 70 కంటే తక్కువ ఉంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాల తర్వాత మళ్లీ చూసి, ఏదైనా తినిపించండి. ఒకసారి తేరుకున్నా మళ్లీ పడిపోయే అవకాశం ఉంది కాబట్టి ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కు ఫోన్ చేయండి.

ఇక మీ ప్రశ్న. రాత్రి తొమ్మిదింటికి పిలిచినా ఇంటికి వచ్చి, పంట చేతికొచ్చాక డబ్బులు తీసుకునే మనిషిని అమ్మగారు నమ్మడంలో తప్పేమీ లేదు. తల్లికి మంచి వైద్యం అందాలని మీరు 200 కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి బెంగళూరు వెళ్లడమూ అంతే సహజం. విడివిడిగా ఏదీ తప్పు కాదు, కానీ ఈ ముగ్గురిలో ఎవరు ఏమిచ్చారో మిగతా ఇద్దరికీ తెలియదు. దీర్ఘకాలిక జబ్బుకు కావలసింది ఆమె చరిత్రంతా తెలిసిన ఒక్క డాక్టరు. ఆ డాక్టరు నెలకోసారి, ఇద్దరి కూలి పోకుండా, వెళ్లి రాగలిగినంత దగ్గర్లో ఉండాలి. మీకు అది ఉరవకొండ కావచ్చు, అనంతపురం సర్వజనాసుపత్రి కావచ్చు, అక్కడే ఒక ప్రైవేటు ఫిజీషియన్ కావచ్చు. ఎవరైనా సరే, మందులు మార్చే అధికారం ఆ ఒక్కరికే ఇవ్వండి.

పుట్టపర్తి ఆసుపత్రి 1991 నుంచి ఉచితంగా చేస్తున్న పెద్ద ఆపరేషన్ల గురించి మన జిల్లాలో అందరికీ తెలుసు. అయితే నెలనెలా షుగర్ మాత్రలు సర్దడానికి అంత దూరం అవసరం లేదు. కిడ్నీ నిపుణుడికి మాత్రం ఈ నెలలోనే ఒకసారి, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ పోతోందేమో చూసే పరీక్ష చేయించుకుని, చూపించండి. ఆ తర్వాత మూడు నెలలకోసారి క్రియాటినిన్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ పరీక్ష) ఒకే ల్యాబులో చేయించండి. కంటి రెటీనా పరీక్ష ఏడాదికోసారి తప్పనిసరి.

ఖర్చు గురించి ఒక మాట. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చినప్పటి నుంచి కార్డు ఉంది కదా అన్న ధీమా మనకు అలవాటైంది. ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ పేరుతో ఉన్న ఆ పథకం ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సలకు, డయాలసిస్‌కు ఉపయోగపడుతుంది. డయాలసిస్ దాకా పోకుండా ఆపే రోజువారీ మాత్రల ఖర్చు మాత్రం చాలావరకు మన జేబు మీదే పడుతుంది. అందుకే 104 బండిని వదులుకోవద్దు. మీ డాక్టరు రాసిన చీటీ చూపించి, అందులో ఉన్నవే తీసుకోండి.

ఆర్‌ఎంపీతో తగాదా పెట్టుకోవద్దు, కానీ క్రియాటినిన్ రిపోర్టు ఆయనకు చూపించండి. ఆ సూది ఏమిటో మీరు రాయలేదు. డైక్లోఫెనాక్ వంటి నొప్పి మందైతే కిడ్నీలను మరింత దెబ్బతీస్తుంది, స్టెరాయిడ్ అయితే షుగర్ పెంచుతుంది. మోకాళ్లకు ప్రస్తుతానికి పారాసిటమాల్ చాలు. రాత్రిపూట ముందుగా వచ్చేది ఆయనే కనుక, సీసా తగిలించే ముందు వేలిమీద చుక్క రక్తంతో షుగర్ చూసి, ఆ అంకెను తేదీ, సమయంతో అమ్మగారి పుస్తకంలో రాసిపెట్టమని అడగండి.