పాత హార్డ్‌డిస్క్‌కి స్విచ్ వేసే ముందు

చిన్నీ,

మీ తాతగారి ఎక్స్‌టీ కంప్యూటర్‌ని (ఎనభైల నాటి పీసీ) అటక మీంచి దింపావట. లోపలి డిస్క్ తీసేసి, దాని చోట ఓ చిన్న బోర్డు పెట్టి మళ్లీ నడపాలనుకుంటున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. నాకు చాలా సంతోషంగా ఉంది. ఆ మిషన్‌కి అప్పట్లో సర్వీసు చేసింది నేనే కాబట్టి లోపల ఏముందో తెలుసు: సీగేట్ ఎస్‌టీ-225, 20 ఎంబీ డ్రైవ్. నీ ఉత్సాహానికి అడ్డు పడటం లేదు గానీ, ఇది చదివేదాకా స్విచ్ మాత్రం వేయకు.

ఆ డ్రైవ్‌కి ఇంకొక్కసారి తిరిగే ఓపిక మిగిలి ఉందనుకో. ఆ ఒక్కసారీ తెర మీద సి ప్రాంప్ట్ (కంప్యూటర్ సిద్ధమని చూపే గుర్తు) చూసి మురిసిపోవడానికి ఖర్చైపోకూడదు. అందులో ఉన్నది కాపీ తీయడానికే వాడాలి. ఎమ్యులేషన్, అంటే ఆ చిన్న బోర్డుని పాత డ్రైవ్‌లా నటింపజేయడం, ఆ తర్వాత సంగతి.

ఈ డ్రైవ్ ఎలా పనిచేస్తుందో తెలిస్తే మిగతావన్నీ సులువుగా అర్థమవుతాయి. ఇప్పటి డిస్కుల్లాగా దీనికి సొంత తెలివి లేదు. 1980లో వచ్చిన 5 ఎంబీ ఎస్‌టీ-506 నుంచి ఈ కుటుంబమంతా అంతే. తిరిగే పళ్లెం మీది డేటాని చదివే హెడ్ కింద అయస్కాంతం దిశ మారినప్పుడల్లా డ్రైవ్ ఒక పల్స్ బయటికి పంపుతుంది, అంతే. ఏది సెక్టర్ (డేటా దాచే చిన్న ముక్క), ఎక్కడ మొదలవుతుంది, చెక్‌సమ్ (తప్పుల్ని పట్టే లెక్క) సరిపోయిందా అన్నవన్నీ చూసుకునేది కంప్యూటర్‌లో ఉండే కంట్రోలర్ కార్డే. ఒక కంపెనీ కార్డుతో ఫార్మాట్ చేసిన డిస్క్‌ని ఇంకో కంపెనీ కార్డు చదవకపోవడం అందుకే. కాబట్టి ఆ కార్డునీ డ్రైవ్‌నీ విడదీయకు. రెండింటి మీదా ఒకే గుర్తు వేసి పెట్టుకో.

ఆ చిన్న బోర్డుగా రాస్‌బెర్రీ పై (అరచేతిలో పట్టే కంప్యూటర్) సరిపోదా అని అడిగావట. మంచి ప్రశ్న. పాత మ్యాక్‌లలో ఉండే స్కజీ అనే రకం కనెక్షన్ ఉన్న డిస్క్‌కైతే సరిపోతుంది. స్కజీలో ప్రతి బైటుకీ అడగడం, అందిందని చెప్పడం ఉంటాయి. ఇవతలివాడు కాస్త ఆలస్యం చేసినా అవతలివాడు ఆగుతాడు. పాత కామడోర్ కంప్యూటర్ల 1541 ఫ్లాపీ డ్రైవ్‌కీ రాస్‌బెర్రీ పై వాడతారు. ఆ డ్రైవే ఒక చిన్న కంప్యూటర్. దాన్ని అచ్చంగా నడిపించాలని రాస్‌బెర్రీ పైలో మామూలుగా ఉండే లినక్స్ లేకుండానే ప్రోగ్రాం నడుపుతారు. మన డ్రైవ్ ఎంఎఫ్ఎం (డేటాని పల్సులుగా రాసే ఒక పద్ధతి) రకం, అది ఎవరికోసమూ ఆగదు. సెకనుకి 50 లక్షల బిట్లు, అంటే ఒక్కో బిట్‌కి 200 నానోసెకన్లు. లినక్స్ మధ్యలో వేరే పని చూసుకుని వచ్చేసరికి సెక్టర్ దాటిపోతుంది.

అందుకే దీనికి బీగల్‌బోన్ బ్లాక్ వాడతారు. 2013లో వచ్చిన బోర్డు అది. అసలు ప్రాసెసర్ పక్కనే పీఆర్‌యూలని రెండు చిన్న ప్రాసెసర్లు ఉంటాయి, 200 మెగాహెర్ట్జ్‌వి. ఒక్కో ఇన్‌స్ట్రక్షన్‌కి 5 నానోసెకన్లు, అంటే ఒక బిట్ దాటేలోపు 40 ఇన్‌స్ట్రక్షన్లు నడుస్తాయి. వాటిని లినక్స్ కదిలించదు, అంతరాయం కలిగించదు. పల్సుల పని అవి చూసుకుంటాయి, ఫైల్ దాచడం లినక్స్ చూసుకుంటుంది. ఈ పని పంపకం చూసినప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది.

కానీ బీగల్‌బోన్ పిన్నులు 3.3 వోల్టులవి, డ్రైవ్ సిగ్నళ్లు 5 వోల్టులవి. పైగా డేటా లైన్లు జంటలుగా వస్తాయి. నేరుగా తీగలు కలిపితే బోర్డు కాలిపోతుంది. మధ్యలో పెట్టడానికి ఎంఎఫ్ఎం ఎమ్యులేటర్ అని ఒక బోర్డు ఉంది. డిజైన్, సాఫ్ట్‌వేర్ అందరికీ అందుబాటులోనే ఉన్నాయి. అదే బోర్డు పాత డ్రైవ్‌ని చదువుతుంది, తర్వాత పాత డ్రైవ్‌లా నటిస్తుంది కూడా. రెండు పనులకీ జంపర్లు (పిన్నులని కలిపే చిన్న ముక్కలు) వేరు. మార్చేటప్పుడు చూసుకో.

ఇక చదవడం. ముందు డ్రైవ్‌ని పక్కన పెట్టి పాత ఎస్‌ఎంపీఎస్‌ని, అంటే కంప్యూటర్‌కి కరెంటు ఇచ్చే పెట్టెని, విడిగా పరీక్షించాలి. ఇన్నేళ్లు కరెంటు చూడని కెపాసిటర్లు పొగ కక్కుతాయి, షార్ట్ అవుతాయి. డ్రైవ్‌కి మంచి సప్లై ఇచ్చాక మోటర్ తిరగకపోతే కంగారుపడకు. హెడ్లు పళ్లేలకి అతుక్కుని ఉండొచ్చు. ఎస్‌టీ-225 తనంతట తాను హెడ్లని పార్క్ చేసుకోదు, అంటే డేటా లేని చోటికి జరుపుకోదు. ఆపేముందు ప్రోగ్రాంతో మనమే చేయాలి, ఆఫీసుల్లో ఎవరూ చేసేవారు కాదు. అలా అతుక్కుంటే తట్టకు, గుద్దకు. అలాగే ఉంచి నాకు చెప్పు.

తిరిగితే మాత్రం వెంటనే చదవడం మొదలుపెట్టకు. ఓ అరగంట వేడెక్కనీ. హెడ్లని జరిపేది స్టెప్పర్ మోటర్. ట్రాక్ (డేటా రాసిన వలయం) మీద సరిగ్గా ఉన్నానా లేదా అని అది వెనక్కి చూసుకోదు, లెక్క ప్రకారం అడుగులు వేస్తుంది. వేడికీ చల్లదనానికీ లోహం సాగి, ముడుచుకుని ట్రాకులు కాస్త పక్కకి జరుగుతాయి. తాతగారు వాడినప్పుడు డ్రైవ్ ఎంత వేడిగా ఉండేదో, ఇంచుమించు అంత వేడిలో చదివితేనే సెక్టర్లు సరిగ్గా దొరుకుతాయి. కొన్ని దొరక్కపోతే మళ్లీ మళ్లీ చదివించు. పొద్దున ఒకసారి, మిట్టమధ్యాహ్నం ఒకసారి చూడు. మన హైదరాబాద్ ఎండాకాలంలో ఆ తేడా బాగానే ఉంటుంది.

సెక్టర్లు మాత్రమే దాచుకుని ఊరుకోకు. ప్రతి పల్సు ఎప్పుడు వచ్చిందో రాసిపెట్టే ముడి ఫైల్ కూడా తీయమని సాఫ్ట్‌వేర్‌కి చెప్పు. ఒక ట్రాకులో 17 సెక్టర్లు, 8,704 బైట్ల డేటా. కానీ చుట్టు మొత్తంలో పట్టేది దాదాపు 10,400 బైట్లు. మిగతాదంతా సెక్టర్ అడ్రసులు, తప్పుల్ని సరిదిద్దే కోడ్, ఖాళీలు. ఇవాళ చదవలేని సెక్టర్‌ని రేపు ఇంకా మంచి ప్రోగ్రాం ఆ ముడి ఫైల్ నుంచే బయటికి తీయొచ్చు. అప్పటికి డ్రైవ్ బతికి ఉండక్కర్లేదు.

నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఇది. మీ తాతగారు అందులో ఖాతాలు మాత్రమే రాయలేదు. మిషన్‌లో భారతీయ లిపుల్లో రాయడానికి వీలిచ్చే జిస్ట్ కార్డు ఉంది, సాయంత్రాలు తెలుగులో ఏవేవో రాసుకునేవారు. ఆ ఫైళ్లు ఇప్పటి ఎడిటర్‌లో తెరిస్తే పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. పాడైపోయాయనుకుని తుడిచేయకు. అవి మన లిపుల కోసం చేసిన ఇస్కీ అనే కోడ్‌లో ఉంటాయి. 1991లో ఐఎస్ 13194 పేరుతో ప్రమాణమైంది అదే. అందులో తెలుగు, దేవనాగరి లాంటి బ్రాహ్మీ నుంచి వచ్చిన లిపులన్నిటికీ అక్షరాల నంబర్లు ఒకటే. ఇది తెలుగు అని మనం చెప్పాలి, అంతే. ఇప్పుడందరూ వాడే యూనికోడ్‌లో మన లిపుల అమరిక దాన్ని చూసి చేసిందే కాబట్టి మార్చడం కష్టం కాదు. ప్రభుత్వ సంస్థ ఈసీఐఎల్ టీడీసీ-12 కంప్యూటర్ తయారుచేసిన ఊరు మనది. కంప్యూటర్ల మీద ఈ ఊళ్లో జనం రాసుకున్నదాంట్లో ఎంత తుక్కు కింద పోయిందో తలుచుకుంటే బాధేస్తుంది. ఇదొక్కటైనా పోకూడదు.

ఎమ్యులేషన్ దగ్గర పెద్ద కష్టం లేదు. 34 పిన్నుల కేబుల్‌లో మెలిక చూసుకో. ఫ్లాపీ కేబుల్‌లో మెలిక 10 నుంచి 16 తీగల దగ్గర, హార్డ్‌డిస్క్ కేబుల్‌లో 25 నుంచి 29 దగ్గర ఉంటుంది. రెండూ చూడ్డానికి ఒకలాగే ఉంటాయి. బీగల్‌బోన్ బూట్ అవడానికి కొన్ని సెకన్లు పడుతుంది. ఈలోపే ఎక్స్‌టీ డిస్క్ లేదని చెబితే కంట్రోల్, ఆల్ట్, డెల్ నొక్కితే చాలు. కరెంటు పోతే రాస్తున్నది గల్లంతు కాకుండా, లినక్స్ సవ్యంగా ఆగేదాకా నిలబెట్టే పెద్ద కెపాసిటర్లు ఆ బోర్డు మీదే ఉంటాయి. అవి లేని చవక బోర్డు కొనకు. బరువైన డ్రైవ్ తీసేశాక లోడు తగ్గి కొన్ని పాత ఎస్‌ఎంపీఎస్‌లు మొరాయిస్తాయి. అప్పుడు 12 వోల్టుల లైన్ మీద ఒక పవర్ రెసిస్టర్ వేద్దాం.

రిబ్బన్ కేబుల్, కనెక్టర్లు కోఠీ గుజరాతీ గల్లీలో అడుగు. చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్తే కొత్త ఎస్‌ఎస్‌డీ కొనమంటారు, కాపీలు దాచుకోవడానికి అదీ ఒకటి కొను. 20 పిన్నుల డేటా కేబుల్ నా దగ్గర మంచిదే ఉంది, వెతక్కు. ఆదివారం పొద్దున మల్టీమీటర్‌తో సహా పట్టుకొస్తాను. ఎస్‌ఎంపీఎస్ ఇద్దరం కలిసి చూద్దాం. అప్పటిదాకా డ్రైవ్‌ని మందపాటి దుప్పటి మీద, కదపకుండా ఉంచు.

మీ మామయ్య