సబ్సిడీ తీసేసి లెక్క వెయ్యి

మలక్‌పేట, హైదరాబాద్

అల్లుడికి ఆశీస్సులు.

నువ్వు పంపిన ప్రాజెక్టు రిపోర్టు రెండుసార్లు చదివాను. మీ అమ్మ నిన్న రాత్రి కూడా ఫోన్ చేసి, "తమ్ముడూ, వాడు ఉద్యోగం మానేసి గొర్రెలు కాస్తాడంట, నువ్వైనా చెప్పు" అంది. మానొద్దని చెప్పడానికి కాదు ఈ ఉత్తరం. ముప్పై ఏళ్లు బ్యాంకులో వ్యవసాయ లోన్లు ఇచ్చి, వసూలుకు ఊళ్లు తిరిగినవాణ్ణి. షెడ్లు కట్టి చెడినవాళ్లనూ చూశాను, చెట్టు కింద మంద పెట్టుకుని కూతురి పెళ్లి చేసినవాళ్లనూ చూశాను.

రిపోర్టులో మొదటి పేజీలోనే "సబ్సిడీ 10 లక్షలు" అని లావు అక్షరాల్లో పెట్టావు. నాకు భయమేసింది అక్కడే.

జాతీయ పశుసంపద మిషన్ కింద 100 గొర్రెలు, 5 పొట్టేళ్ల యూనిట్‌కు 20 లక్షల ఖర్చు చూపిస్తే సగం సబ్సిడీ, నిజమే. కానీ అది రెండు సమాన వాయిదాల్లో వస్తుంది. రెండోది యూనిట్ పూర్తయి, అధికారులు వచ్చి చూసి సరే అన్నాకే. భూమి కొనడానికి, కౌలుకు, బండికి, రోజువారీ ఖర్చులకు అందులో పైసా రాదు. నువ్వు షాద్‌నగర్ దగ్గర కౌలుకు తీసుకుంటానన్న ఆరెకరాలకు ఆ డబ్బు వాడలేవన్నమాట. ఇంకో మాట, ఆ పొలం మీద వచ్చే రైతుభరోసా పట్టాదారు ఖాతాలో పడుతుంది, నీ ఖాతాలో కాదు. నీ ఆదాయం కాలమ్‌లోంచి అది కొట్టెయ్.

ఇప్పుడు నా లెక్క చూడు. 100 గొర్రెలకు ఏడాదికి 80 పిల్లలు బతికాయనుకో. మందలోకి 15 ఉంచుకుంటే అమ్మేవి 65. ఒక్కోటి 20 కిలోలు, ప్రాణంతో కాటా మీద తూచి కిలో 400 అనుకుంటే 5 లక్షల 20 వేలు. కాపరికి నెలకు 18 వేలు, అంటే ఏడాదికి 2 లక్షల 16 వేలు. దాణాకు లక్షా 20 వేలు, మందులకూ బీమాకూ 40 వేలు. ఇవి పోతే మిగిలేది లక్షా 44 వేలు. ఇంకా కౌలు తీయలేదు. 20 లక్షల్లో సబ్సిడీ 10 లక్షలు, నీ వాటా 2 లక్షలు పోను బ్యాంకు లోను 8 లక్షలకు 11 శాతం వడ్డీ 88 వేలు. మిగిలింది 56 వేలు. అసలు వాయిదా ఇంకా కట్టనే లేదు.

రెండో వాయిదా 5 లక్షలు ఏడాది ఆలస్యమైందనుకో. షెడ్డు మేస్త్రీ, గొర్రెలమ్మినవాళ్లు ఆగరు కదా. బయట రెండు రూపాయల వడ్డీకి తెస్తావు. ఏడాదికి లక్షా 20 వేలు వడ్డీ. నీ 56 వేలు పోయి, 64 వేలు చేతి నుంచి పడుతుంది. గొర్రె ఒక్కటీ చావకుండానే నష్టం!

పథకాలు మారతాయి అల్లుడూ. 2017లో మన రాష్ట్రంలో గొర్రెల పంపిణీ మొదలైనప్పుడు 20 గొర్రెలు, ఒక పొట్టేలు యూనిట్ 1,25,000. అందులో పావు వంతు, 31,250, లబ్ధిదారు కట్టాలి. ప్రభుత్వమే లక్షల గొర్రెలు కొంటుందని తెలిస్తే అమ్మేవాడు రేటు పెంచడా? తర్వాత యూనిట్‌ను 1,75,000 చేశారు, లబ్ధిదారు వాటా 43,750 అయ్యింది. శాతం అదే, జేబు మాత్రం 12,500 బరువు తగ్గింది. ప్రభుత్వం మారాక అది ఆగిపోయింది. తమ వాటాకు డీడీలు తీసి నెలల తరబడి ఎదురుచూసినవాళ్లలో నాకు తెలిసిన కురుమ పెద్దాయన ఒకడు, ఆ డీడీ కోసం ఉన్న మేకలమ్ముకున్నాడు. అక్రమాల మీద ఏసీబీ కేసుల సంగతి నీకూ తెలుసు.

ఇది మన దగ్గరి జబ్బే అనుకోకు. ఇంగ్లండులో మాంసానికి పశువులు పెంచే రైతులకు ఒకప్పుడు తలకింత అని డబ్బిచ్చేవారు, వాళ్లు తలలు పెంచారు. 2005 నుంచి పశువుల సంఖ్యతో సంబంధం లేకుండా భూమి లెక్కన ఇచ్చారు. దాన్నీ 2021 నుంచి కోసుకుంటూ వస్తున్నారు, 2027తో సరి. దానిమీదే నిలబడ్డ కుటుంబాలు ఇప్పుడు మళ్లీ మొదటినుంచి లెక్కలేసుకుంటున్నాయి. దేనికి డబ్బిస్తే రైతు దాన్నే పెంచుతాడు. నీ పథకం షెడ్డుకూ గొర్రెలకూ ఇస్తుంది గనక నీ రిపోర్టులో ఎత్తు షెడ్డు, ప్లాస్టిక్ జాలీ నేల, అన్నీ ఉన్నాయి. మేతకు మాత్రం రెండు లైన్లు!

ముందు మేత. గొర్రెలు రావడానికి మూడు నెలల ముందే సూపర్ నేపియర్ గడ్డి నాటు, గట్ల మీద దశరథ గడ్డి, సుబాబుల్ పెట్టు. వేరుశనగ చొప్ప సీజన్లో కొని పెట్టుకుంటే ఎండాకాలం దాణా ఖర్చు తగ్గుతుంది. బీమా మాత్రం వదలొద్దు. 2024లో రైతు వాటా ప్రీమియంలో 15 శాతానికి తగ్గించారు, ఇదొక్క మార్పు మనకు నిజంగా కలిసొచ్చింది. చెవి ట్యాగు ఊడితే క్లెయిమ్ రాదు, కాపరికి నేర్పు. చిటుక రోగం, పీపీఆర్ లాంటి గొర్రెల జబ్బులకు టీకాలు రాజేంద్రనగర్ పశువైద్య విశ్వవిద్యాలయం వాళ్లను అడిగి తేదీలు రాసుకో.

దరఖాస్తు వద్దనను. పెట్టుకో. కానీ దానికంటే ముందు సొంత డబ్బుతో 25 పొట్టేలు పిల్లల్ని తెచ్చి బక్రీదుకు పెంచు. 2025లో బక్రీదు జూన్ 7న వచ్చింది, ఏటా పది, పదకొండు రోజులు ముందే వస్తుంది, ఆ లెక్కన కొను. కొనేవాళ్లు వయసు కోసం పళ్లు చూస్తారు, కొమ్ము విరిగినా చెవి తెగినా ముట్టుకోరు. ఒక్క సీజన్ చేస్తే నాకంటే నీకే ఎక్కువ తెలుస్తుంది. అవి లాభమిస్తే సబ్సిడీ వచ్చినా రాకపోయినా నువ్వు నిలబడతావు.

ఆదివారం పొద్దున్నే ఐదింటికి జియాగూడ గొర్రెల మండికి రా, నేనూ వస్తాను. కొనడానికి కాదు, ఊరికే నిలబడి బేరాలు విందాం. రిపోర్టు కూడా తెచ్చుకో, సబ్సిడీ లైను పెన్నుతో కొట్టేసి. మీ అత్తమ్మ టిఫిన్‌కు పెసరట్టు వేస్తానంది.

మీ మామయ్య