జంప్ ఇస్తేనే కదిలే కారు: తప్పు బ్యాటరీదేనా?

ప్రశ్న: మా కారు రోజూ పొద్దున్నే మొండికేస్తోంది. తాళం తిప్పితే టకటకమని చప్పుడొస్తుంది, డాష్‌బోర్డు లైట్లు మసకబారతాయి, ఇంజన్ మాత్రం తిరగదు. వేరే కారు నుంచి జంప్ ఇస్తే వెంటనే స్టార్ట్ అవుతుంది. ఆ తర్వాత పగలంతా ఎన్నిసార్లు ఆపినా బాగానే అందుకుంటుంది, రాత్రి గడిస్తే మళ్లీ అదే కథ. బ్యాటరీ ఈమధ్యే కొత్తది వేయించాం. ఒక మెకానిక్ ఆల్టర్నేటర్ (ఇంజన్ నడుస్తున్నప్పుడు బ్యాటరీని చార్జ్ చేసేది) పోయిందన్నారు, ఇంకొకరు సెల్ఫ్ మోటారు అన్నారు. ఎవరి మాట నమ్మాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: ఇద్దరి మాటా అప్పుడే నమ్మకండి, డబ్బులు అసలే తీయకండి. సగం జవాబు మీ ప్రశ్నలోనే ఉంది. జంప్ ఇవ్వగానే ఇంజన్ చురుగ్గా తిరుగుతోందంటే సెల్ఫ్ మోటారు దాదాపు బాగున్నట్టే. అరిగిపోయిన మోటారు కరెంటు ఎక్కువ లాగి జంప్‌తో మాత్రమే తిరిగే సందర్భాలూ ఉంటాయి గానీ, అలాంటిది పగలు కూడా సతాయిస్తుంది. పగలంతా స్టార్ట్ అవుతోంది కాబట్టి ఆల్టర్నేటర్ కూడా ఎంతోకొంత చార్జ్ ఇస్తూనే ఉంది. ఇక మిగిలినవి రెండే: బ్యాటరీ చార్జ్ నిలుపుకోలేకపోతోంది, లేదా కారు ఆపి ఉన్నప్పుడు ఏదో దాన్ని తాగేస్తోంది. నా అనుమానం రెండోదాని మీద. కానీ కొలవకుండా తేల్చలేం.

అన్నిటికంటే ముందు బానెట్ ఎత్తి టెర్మినల్స్ చూడండి. తెల్లగా, పచ్చగా పొడి పట్టిందా, క్లాంపు చేత్తో తిప్పితే కదులుతోందా? కొత్త బ్యాటరీ వేసి నట్టు సరిగ్గా బిగించకుండా వదిలేసిన కార్లు చాలానే ఉంటాయి. ఇంకో చిక్కు కూడా ఉంది. జంప్ కేబుల్ నల్ల కొసను ఇంజన్ ఇనుముకు తగిలిస్తే కారు సొంత ఎర్త్ కేబుల్‌తో (బ్యాటరీ మైనస్‌ను ఇంజన్‌కూ బాడీకీ కలిపేది) పని లేకుండానే కరెంటు వెళ్తుంది, అంటే ఆ కేబుల్ పాడైనా జంప్‌తో బండి లేస్తుంది, మనమేమో బ్యాటరీని తిట్టుకుంటాం. సెల్ఫ్ కొడుతున్నప్పుడు బ్యాటరీ మైనస్‌కీ ఇంజన్ బ్లాకుకీ మధ్య మల్టీమీటర్‌తో కొలిస్తే అర వోల్టు దాటకూడదు.

తర్వాత బ్యాటరీని చార్జర్‌తో పూర్తిగా నింపించండి. అడుగంటిన బ్యాటరీతో చేసే పరీక్షలు వృథా, కాసేపు బండి నడిపితే అది నిండదు కూడా. నింపాక కొన్ని గంటలు ఆగి కొలిస్తే 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. 12.2 అంటే సగం, 12 కిందికి వస్తే దాదాపు ఖాళీ. ఇంజన్ నడుస్తున్నప్పుడు హెడ్‌లైట్లు వేసి కొలిస్తే చాలా కార్లలో 13.8 నుంచి 14.5 మధ్య రావాలి. 12 చిల్లర దగ్గరే ఉండి ఇంకా కిందికి జారుతుంటే అప్పుడు ఆల్టర్నేటర్, దాని బెల్టు, వైర్ల సంగతి చూడాలి.

ఇవన్నీ సరిగ్గా ఉంటే ఒక రాత్రి మైనస్ టెర్మినల్ ఊడదీసి ఉంచండి (కారు తాళం చెవి చేతిలో పెట్టుకోండి, రిమోట్ పనిచేయదు, కొన్ని కార్లలో రేడియో కోడ్ అడుగుతుంది, గడియారం మళ్లీ పెట్టుకోవాలి). పొద్దున బిగించగానే హుషారుగా స్టార్ట్ అయితే బ్యాటరీ తప్పు లేదు, కారే తాగుతోంది. ఊడదీసినా డౌన్ అయితే కొత్తదైనా సరే బ్యాటరీదే దోషం, వారంటీ కాగితం తీసుకుని అమ్మినవాళ్ల దగ్గరికి వెళ్లండి.

కారే తాగుతోందని తేలితే ఆటో ఎలక్ట్రీషియన్‌తో లీకేజీ కొలిపించండి. మైనస్ కేబుల్‌కీ టెర్మినల్‌కీ మధ్య మీటరు పెట్టి, తలుపులు మూసి, కారులోని కంప్యూటర్లన్నీ నిద్రపోయేదాకా అరగంటో గంటో ఆగి చూడాలి. ఓపిక లేనివాళ్లు వెంటనే చూసి కంగారుపెడతారు. సాధారణంగా 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉంటే పర్వాలేదు. డిక్కీలో ఆరని 5 వాట్ల బల్బు 0.4 ఆంపియర్ లాగుతుంది, పది గంటలకు 4 ఆంపియర్ అవర్స్. నిండుగా ఉన్న 45 ఆంపియర్ అవర్స్ బ్యాటరీని అది ఒక్క రాత్రిలో పడుకోబెట్టలేదు, కానీ రోజూ దగ్గర దూరాలే తిరిగితే పోయింది పూడదు, లోటు పెరుగుతూ పోతుంది. నిండా చార్జ్ చేసినా ఒకే రాత్రికి దిగిపోతోందంటే ఇంకా పెద్ద లీకే ఉండాలి: ఇరుక్కుపోయిన రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్చు), తర్వాత బిగించిన ఆంప్లిఫయర్, లేదా ఆల్టర్నేటర్ లోపల కరెంటును ఒకవైపే పోనిచ్చే డయోడ్. డయోడ్ లీకైతే అదే ఆల్టర్నేటర్ పగలు చార్జ్ ఇస్తూ రాత్రి వెనక్కి లాగేసుకుంటుంది, అంటే మీ మొదటి మెకానిక్ మాట అలా నిజమైనా కావచ్చు. ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ మీటరు ఎక్కడ పడిపోతుందో చూడాలి. ఏ ఫ్యూజ్ తీసినా పడకపోతే ఆల్టర్నేటర్ లావు వైరు విప్పించి మళ్లీ కొలిపించండి. మీటరు అలా తగిలించి ఉండగా మాత్రం ఎవరూ సెల్ఫ్ కొట్టకూడదు.

ప్రశ్న: ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ కేబుల్ పీకేస్తే, బండి ఆగకపోతే ఆల్టర్నేటర్ బాగున్నట్టే అంటారు. చేయొచ్చా?
– మరో పాఠకుడు

జవాబు: వద్దు. పాతకాలం బండ్ల మీద నడిచిన పరీక్ష ఇది. బ్యాటరీ లేకుండా పోగానే వోల్టేజ్ ఒక్కసారిగా ఎగిరి ఆల్టర్నేటర్‌నీ కారు కంప్యూటర్‌నీ కాల్చేయగలదు. పైగా చార్జ్ అవుతున్న బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది, దాని పక్కన నిప్పురవ్వ లేవడం ప్రమాదం. జంప్ ఇచ్చేటప్పుడు ఆఖరి నల్ల క్లిప్పును బ్యాటరీకి కాకుండా దూరంగా ఇంజన్ ఇనుముకు తగిలించమనేది కూడా ఇందుకే. రెండు నిమిషాల్లో మీటరు చెప్పేదానికి ఇంత సాహసం దేనికండీ?