పాఠకుల ప్రశ్నలు – జవాబులు: మంచే నేలైన చోట

ప్రశ్న: మా బడిలో ఐదో తరగతి పిల్లలకు ధ్రువ ప్రాంతాల పాఠం చెబుతూ, సముద్రం మీది మంచు కరిగిపోతే తెల్ల ఎలుగుబంటి బతకలేదని అన్నాను. వెంటనే ఒక అమ్మాయి లేచి, "అది మంచిగ ఈత కొడ్తది గద టీచర్, మరి ఎందుకు బతకది?" అని అడిగింది. సరైన సమాధానం చెప్పలేకపోయాను. దయచేసి వివరించగలరు.
– ఒక ఉపాధ్యాయురాలు, హనుమకొండ

జవాబు: ఆ అమ్మాయి అసలు సంగతినే పట్టుకుంది. తెల్ల ఎలుగుబంటి గంటల తరబడి ఈదగలదన్నది నిజమే. అయితే దాని ఆహారమైన సీల్ నీటిలో అంతకంటే చాలా వేగంగా ఈదుతుంది కాబట్టి, మంచు లేని సముద్రంలో ఎలుగుబంటికి అది దొరకడం చాలా అరుదు. సముద్రం గడ్డకట్టి ఉన్నప్పుడు మాత్రం సీల్ గాలి పీల్చుకోవడానికి మంచులోని రంధ్రం దగ్గరకు రాక తప్పదు. ఎలుగుబంటి ఆ రంధ్రం పక్కనే కదలకుండా కాచుకొని, అది తల బయట పెట్టగానే పట్టుకుంటుంది. రైతుకు చెలక ఎలాంటిదో దానికి ఆ మంచు పలక అలాంటిది.

పిల్లలకు మన ములుగు అడవుల్లోని గుడ్డెలుగుతో పోల్చి చెప్పండి. గుడ్డెలుగుకు ఇప్పపువ్వు లేకపోతే తునికిపండ్లు, అవీ లేకపోతే పుట్టలోని చెదలు, చెట్టు మీది తేనె దొరుకుతాయి. తెల్ల ఎలుగుబంటి అంత పెద్ద దేహాన్ని నిలబెట్టేది సీల్ కొవ్వే. ఒడ్డున దొరికే గుడ్లూ పండ్లూ దాని ఆకలికి ఏ మూలకూ రావు. కెనడాలోని హడ్సన్ అఖాతంలో ఎండాకాలం మంచు పోగానే ఎలుగుబంట్లు ఒడ్డు చేరి, మళ్లీ నీరు గడ్డకట్టేదాకా దాదాపు పస్తులుంటాయి. ఆ రోజుల్లో ఒక్కొక్కటి రోజుకు సుమారు కిలో బరువు తగ్గుతుంది. 1980ల నాటితో పోలిస్తే ఆ పస్తుల కాలం ఇప్పుడు మూడు నాలుగు వారాలు పెరిగింది. ఆ అఖాతపు పశ్చిమ భాగంలో 2016లో సుమారు 842గా అంచనా వేసిన ఎలుగుబంట్లు 2021 నాటికి 618కి తగ్గాయి. తల్లి బక్కచిక్కితే పాలు తగ్గుతాయి, కాబట్టి మొదట నష్టపోయేది కూనలే. వాటి ఒంట్లో కొవ్వు తక్కువ కావడం వల్ల చల్లటి నీటిలో తల్లి వెంట ఎక్కువ దూరం ఈదడమూ వాటి వల్ల కాదు.

ఇంకొక సంగతి కూడా చెప్పండి. మంచు పలక అడుగున ఒక రకం పాచి పెరుగుతుంది. దాన్ని తిని అతి చిన్న రొయ్యజాతి జీవులు, వాటిని తిని చేపలు, చేపలను తిని సీళ్లు బతుకుతాయి. కాకతీయుల గొలుసుకట్టు చెరువులు చూసిన పిల్లలకు ఇది తేలికగా అర్థమవుతుంది: పై చెరువు మత్తడి దుంకకపోతే కింది చెరువు నిండదు.

ఆర్కిటిక్ ప్రాంతం 1979 నుంచి ప్రపంచ సగటు కంటే దాదాపు నాలుగు రెట్లు వేగంగా వేడెక్కింది. దీనికి ఒక ముఖ్య కారణాన్ని మే నెలలో సున్నం వేసిన డాబా మీద, పక్కనున్న తారు రోడ్డు మీద చేయి పెట్టించి చూపవచ్చు. తెల్లటి మంచు ఎండలో ఎక్కువ భాగాన్ని తిప్పి పంపుతుంది, అది కరిగి బయటపడిన నల్లని నీరు ఆ వేడినంతా పీల్చుకొని మిగిలిన మంచునూ కరిగిస్తుంది.

ప్రశ్న: నేను ముప్పై ఏళ్లుగా ఇళ్లు కడుతున్నాను. చలిదేశాల్లో నేల కరిగి ఇళ్లు కుంగుతున్నాయని విన్నాను. నేల కరగడం ఏమిటి?
– ఒక తాపీ మేస్త్రీ, జమ్మికుంట

జవాబు: సైబీరియా, అలాస్కా వంటి చోట్ల నేలలోని తేమ ఏళ్ల తరబడి గడ్డకట్టి ఉంటుంది. దాన్ని పర్మాఫ్రాస్ట్ అంటారు, కొన్ని చోట్ల అది వందల మీటర్ల లోతు ఉంటుంది. గడ్డకట్టినంత కాలం బండలా బరువు మోస్తుంది, కరిగితే బురదవుతుంది. వానకు ఉబ్బి ఎండకు నెర్రెలు బారే నల్లరేగడిలో పునాది వేయడం ఎంత కష్టమో మీకు తెలియనిది కాదు. రామప్ప గుడి కట్టినవారు నేల కదలికను తట్టుకోవడానికి పునాదిలో ఇసుక నింపినట్టే, సైబీరియాలోని యాకుత్స్క్ నగరంలో ఇంటి వేడి నేలకు తగలకుండా భవనాలను స్తంభాల మీద ఎత్తి, కింద చలిగాలి ఆడేలా కడతారు. నేల చల్లగానే ఉంటుందన్న నమ్మకం మీద కట్టిన కట్టడాలవి. ఇప్పుడు గాలే వేడెక్కుతుంటే ఆ ఉపాయం బలం తగ్గిపోతోంది.

అలాస్కాలోని న్యూటాక్ అనే ఊరి సంగతి నన్ను ఎక్కువగా కలచివేసింది. కింద నేల కరిగి, పక్కన నది ఒడ్డును కోసేయడంతో అక్కడి యూపిక్ ప్రజలు 2019 నుంచి మెర్టార్విక్ అనే కొత్త చోటికి తరలిపోయారు. ప్రాజెక్టు కింద ఊరు మునిగి, గుడినీ బడినీ పూర్వీకుల సమాధులనూ వదిలి లేచివచ్చినవారు మన జిల్లాల్లోనూ ఉన్నారు. వారికి ఆ బాధ విడమరచి చెప్పనక్కరలేదు.

ప్రశ్న: పెంగ్విన్లకూ ఇదే ముప్పు ఉందా?
– ఇంటర్ విద్యార్థిని, జగిత్యాల

జవాబు: అన్ని జాతులకూ ఒకే తీరుగా లేదు. దక్షిణాన అంటార్కిటికాలో చక్రవర్తి పెంగ్విన్లకు ముప్పు ఎక్కువ, ఎందుకంటే అవి తీరాన్ని అంటుకొని గడ్డకట్టిన సముద్రం మీదే పిల్లలను పెంచుతాయి. తండ్రి పక్షి గుడ్డును పాదాల మీద పెట్టుకొని, ఏమీ తినకుండా సుమారు రెండు నెలలు నడి చలికాలంలో పొదుగుతుంది. పిల్లలకు నీరు అంటని ఈకలు డిసెంబరు, జనవరి నాటికి గాని రావు. 2022లో బెల్లింగ్స్‌హౌసెన్ సముద్రతీరంలోని ఐదు స్థావరాల్లో నాలుగింట అంతకు ముందే మంచు విరిగిపోయి, ఆ ఏటి పిల్లలు దాదాపు దక్కలేదని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. మంచు మీద వాటి రెట్ట చేసే గోధుమరంగు మరకలను ఉపగ్రహ చిత్రాల్లో చూసి ఈ స్థావరాలను గుర్తిస్తారు.

ప్రశ్న: మన దేశం వారెవరైనా అక్కడ ఉండి ఇవన్నీ పరిశీలిస్తున్నారా?
– డిగ్రీ విద్యార్థి, మహబూబాబాద్

జవాబు: ఉన్నారు. అంటార్కిటికాలో మైత్రి, భారతి అనే కేంద్రాలు, ఉత్తరాన నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లో 2008లో ప్రారంభమైన హిమాద్రి మనవే. గోవాలోని జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం వీటిని నడుపుతుంది. ధ్రువాల మంచుకూ మన వానాకాలానికీ ఉన్న సంబంధం కూడా వారి అధ్యయనంలో భాగం కాబట్టి, భౌతిక, జీవ, భూగర్భ శాస్త్రాల్లో ఏది చదువుతున్నా మీకు ఆ దారి ఉంది. ఎక్కువగా వేసవిలోనే పనిచేసే హిమాద్రికి 2023 డిసెంబరులో మొదటిసారి చలికాలపు బృందం బయలుదేరింది. ఆ రోజుల్లో అక్కడ పొద్దు పొడవదు.