అక్క పంపే ఆరు వేలు

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. బీటెక్ సివిల్ అయ్యాక 2019 నుంచి హైదరాబాద్ అశోక్‌నగర్‌లో రూము తీసుకుని గ్రూప్-1కి ప్రిపేరవుతున్నాను. 2022 అక్టోబరులో ప్రిలిమ్స్ రాస్తే పేపర్ లీకై రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ రాస్తే అదీ కోర్టు తీర్పుతో పోయింది. 2024లో మెయిన్స్ దాకా వెళ్లాను, పోస్టు రాలేదు. నాన్న లేరు. అక్క బావకు తెలియకుండా నెలకు 6 వేలు పంపుతోంది. ముఖం చూపించలేక రెండేళ్లుగా రాఖీకి ఊరికి కూడా వెళ్లలేదు. కొల్లూరులో అపార్ట్‌మెంట్ల సైట్‌లో 22 వేలకు సైట్ ఇంజినీర్ పని ఉందని ఫ్రెండ్ చెబుతున్నాడు. ఇంకొకరు డేటా సైన్స్ నేర్చుకోమంటున్నారు. దేనికి భవిష్యత్తు ఉంటుంది?

జవాబు: డేటా సైన్స్ వద్దు. అదంటే మీకు ఇష్టమని ఉత్తరంలో ఒక్క ముక్క కూడా లేదు. ఎవరో చెప్పారని మళ్లీ మొదటి నుంచి రూములో కూర్చోకండి. సైట్‌కు వెళ్లండి. మీరడిగినదానికి ఇదే జవాబు.

నన్ను ఆపేసింది రాఖీ మాట. అక్క రాఖీ కట్టాక పళ్లెంలో ఏదో ఒకటి పెట్టాలి. మీ జేబులో ఉన్నది ఆమె పంపిన డబ్బే. అందుకే వెళ్లలేదని నాకనిపిస్తోంది. మీ బాధ అర్థమవుతుంది. కానీ ఆ రోజు ఇంట్లో ఏం జరిగి ఉంటుందో కూడా చూడండి. పిల్లల్ని వెంటబెట్టుకుని, కిక్కిరిసిన బస్సులో నిలబడి అక్క పుట్టింటికి వచ్చి ఉంటుంది. తమ్ముడు లేడు. తెచ్చిన రాఖీ దేవుడి పటం దగ్గర పెట్టి, అమ్మ పెట్టింది తిని, సాయంత్రానికి వెళ్లిపోయి ఉంటుంది. ‘మీ తమ్ముడు రాలేదా?’ అని బావగారు అడిగితే ఏదో ఒకటి చెప్పుకుని ఉంటుంది. అలా రెండేళ్లు.

పరీక్ష వదిలేస్తే అక్క ఇన్నాళ్లు పెట్టిందంతా బూడిదలో పోసినట్టవుతుందని మీ భయం. ఆ భయంతోనే ఇంకా రూములో కూర్చున్నారు. అక్క ఏమనుకుంటోందో ఒక్కసారైనా అడిగారా? ఉత్తరంలో ఎక్కడా లేదు. కష్టకాలంలో తోబుట్టువు చెయ్యి పట్టుకోవడంలో తప్పు లేదు, దానికి సిగ్గుపడకండి. కానీ మీ కోసం ఆమె తన సంసారంలో ప్రతి నెలా ఒక మాట దాస్తోంది. రేపు అది బయటపడితే నిందలు పడేది ఆమె. మీ ఉత్తరంలో నేను ఒప్పుకోలేనిది ఇదొక్కటే.

కాబట్టి ముందు అక్క దగ్గరికి వెళ్లండి. ఫోన్లో తేల్చే మాట కాదిది. ఎదురుగా కూర్చుని ‘ఈ నెల నుంచి పంపకు, పనిలో చేరుతున్నా’ అని చెప్పండి. ఇన్నాళ్లు ఎంత ఇచ్చిందో ఒక కాగితం మీద రాసి పట్టుకెళ్లండి. వద్దంటుంది. అయినా ఆ కాగితం ఇవ్వండి. బావగారికి చెప్పాలా, ఎప్పుడు చెప్పాలి అన్నది ఆమె ఇష్టం. మీరు మధ్యలో దూరకండి.

ఇక పరీక్షల సంగతి. పనిలో చేరితే తలుపు మూసుకుపోయినట్టేనని ఎందుకనుకుంటున్నారు? 2024 గ్రూప్-1 నోటిఫికేషన్లో యూనిఫాం లేని పోస్టులకు వయోపరిమితి 46 ఏళ్లు. కొత్త నోటిఫికేషన్ వస్తే దాని వయోపరిమితి చూసుకుని, పని చేస్తూనే రాయండి. మీది సివిల్ కాబట్టి ఏఈఈ (అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్) పరీక్ష కూడా ఉంది. అందులో ఒక పేపరు జనరల్ స్టడీస్, ఇంకోటి మీ సబ్జెక్టు. ఇన్నేళ్లు చదివిన జనరల్ స్టడీస్ అక్కడ పనికొస్తుంది. సైట్‌లో చూసిన కాంక్రీటు, కడ్డీల లెక్క రెండో పేపరుకు తోడవుతుంది. బార్ బెండింగ్ షెడ్యూల్, అంటే ఏ కడ్డీ ఎంత పొడవు కోయాలో, ఎలా వంచాలో రాసే పట్టిక, మర్చిపోయి ఉంటారు. మొదటి నెల మేస్త్రి పక్కన నిలబడి చూడండి, అడగడానికి మొహమాటపడకండి. ఏడాది తర్వాత ఆ పని మీకు సరిపడదని తేలితే అప్పుడు మారండి, తప్పేమీ లేదు. అప్పటికి చేతిలో సొంత జీతం ఉంటుంది.

వచ్చే రాఖీకి మాత్రం సెలవు పెట్టి ఊరికి వెళ్లండి. అక్క కంటే ముందే చేరుకుని, బస్టాండ్‌కు మీరే ఎదురు వెళ్లండి. పళ్లెంలో 116 రూపాయలు చాలు, మొదటి జీతంలోంచి తీసి పెట్టుకోండి.