స్కూల్ అయిపోయాక నీ గురించి నువ్వు రాసుకునేటప్పుడు

చిన్నీ,

స్కూల్ అయిపోయింది, జీవితం గురించీ విలువల గురించీ నాకు ఇన్‌స్పిరేషన్ ఎవరన్నదీ రాసుకుందామని కూర్చుంటే పెన్ను కదలట్లేదు పెద్దమ్మా అని మెసేజ్ పెట్టావు కదా, అది చదివిన దగ్గర్నుంచి నా మనసు అక్కడే ఉంది, అందుకే ఫోన్లో చెప్పకుండా తీరిగ్గా రాస్తున్నా.

నీ వయసులో నేనూ రాశాను. నిజాయితీ, క్రమశిక్షణ, పట్టుదల, రెండు పేజీల నిండా ఇలాంటి మాటలే. మొన్న బీరువా సర్దుతుంటే బయటపడ్డాయి, చదివితే అందులో నేనెక్కడా లేను, మా క్లాసులో ఎవరు రాసినా అవే రాసేవాళ్లు. ఆ సంవత్సరం నాకు జరిగింది వేరే. లెక్కల పరీక్షలో జవాబు చీటీ వెనక్కి అందించింది నేను, దొరికిపోయింది మాత్రం వెనక బెంచీ అమ్మాయి. ఎవరిచ్చారు అని సార్ ఎన్నిసార్లు అడిగినా తల దించుకుని నిలబడింది గానీ నా పేరు చెప్పలేదు, నేనేమో పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నా, ఆ టిక్కు టిక్కు ఇప్పటికీ చెవిలో ఉంది. నిజాయితీ లేకపోతే ఎలా ఉంటుందో నాకు తెలిసింది ఆ రోజే, కానీ ఆ పేజీల్లో ఆ అమ్మాయి ఊసే లేదు.

అందుకే చెప్తున్నా, విలువల పేర్లతో మొదలుపెట్టకు. ఒక్క రోజు తీసుకో. ఎక్కడున్నావు, ఎవరేమన్నారు, నువ్వేం చేశావు, చెయ్యాల్సింది ఏం చెయ్యలేదు, అదంతా రాయి. నీకు ఇబ్బందిగా అనిపించేది ముందు రాసెయ్. డార్విన్‌కి ఒక అలవాటుండేది, తన ఆలోచనకి ఎదురొచ్చే విషయం ఏది కనపడినా వెంటనే నోట్ చేసుకునేవాడు, ఎందుకంటే అనుకూలమైన వాటికంటే అలాంటివే త్వరగా మర్చిపోతామని గమనించాడు. మన గురించి మనం రాసుకునేటప్పుడు ఇది ఇంకా నిజం.

ఇన్‌స్పిరేషన్ అంటే కలాం గారు అని రాస్తానన్నావు. రాయి, కానీ ఆయన జీవితంలో నీకు తగిలింది ఏ రోజు? 1979 ఆగస్టులో ఎస్ఎల్‌వీ-3 రాకెట్ మొదటి ప్రయోగం ఫెయిలైంది, ప్రాజెక్ట్ డైరెక్టర్ ఆయనే, అయినా విలేకర్ల ముందుకొచ్చి బాధ్యత మీద వేసుకున్నది ఇస్రో ఛైర్మన్ సతీష్ ధావన్. 1980 జూలైలో సక్సెస్ అయ్యాక మాత్రం మాట్లాడమని కలాం గారిని ముందుకి పంపారు. ఈ సంగతి కలాం గారు తర్వాత ఎన్నో సభల్లో చెప్పుకున్నారు, నాకు అన్నిటికంటే నచ్చేది అదే, తన గెలుపు గురించి చెప్తూ ఇంకొకళ్లకి చోటివ్వడం. నీకు ఇంకేదైనా తగిలి ఉండొచ్చు, అదే రాయి. ఏదీ తగల్లేదంటే ఆ పేరు పక్కన పెట్టి, నువ్వు కళ్లారా చూసిన మనిషి గురించి రాయి, ఎవరికీ తెలియని మనిషైనా పర్లేదు.

లైఫ్‌లో ఏమవ్వాలి అన్నది తెలిస్తే రాయి, తెలియకపోతే ఇంకా తెలీదనే రాయి.

కింద తేదీ వెయ్యడం మర్చిపోకు. ఎవరికీ చూపించక్కర్లేదు, నాక్కూడా. నా పాత పేజీల వెనకవైపు ఖాళీగా ఉంటే నిన్న రాత్రి ఆ వెనక బెంచీ అమ్మాయి సంగతి మొత్తం రాసిపెట్టాను, పేరుతో సహా.

మీ పెద్దమ్మ