గర్భసంచి జారడానికి బరువులెత్తడమే కారణమా?

మీ అత్తగారు ఇన్నేళ్లూ బరువులు మోశారు కాబట్టే గర్భసంచి జారిందని అందరూ అంటున్నారనీ, అది నిజమేనా అనీ అడిగారు. మా అమ్మ విషయంలోనూ అందరూ అదే అన్నారు. నేను మాత్రం ఒప్పుకోను.

ఒకరోజు సాయంత్రం అమ్మ నన్ను గదిలోకి పిలిచి తలుపేసింది. "కింద ఏదో ఉండలా తగులుతోందే" అంది, నా మొహం చూడకుండా. ఎన్నాళ్ల నుంచి అంటే రెండేళ్లట! పొద్దున లేచినప్పుడు ఏమీ ఉండదట, సాయంత్రానికి నడుం లాగేస్తూ కిందికి దిగుతుందట. ఒంటేలు సరిగ్గా రాకపోతే వేలితో పైకి నెట్టుకుని వెళ్లేదట. ఇంట్లో అందరం ఉన్నాం, ఒక్కరికీ చెప్పలేదు. నాకు కోపం, ఏడుపు ఒకేసారి వచ్చాయి.

డాక్టరమ్మ పరీక్ష చేస్తూ "ఒకసారి గట్టిగా దగ్గమ్మా" అంది. అమ్మ దగ్గగానే అది కిందికి వచ్చింది. తర్వాత ఆవిడ బరువుల సంగతి ఒక్క ముక్కలో తేల్చేసి మిగతావన్నీ అడిగింది. కాన్పులు ఎన్ని, నొప్పులు ఎంతసేపు పడ్డారు, బిడ్డ పెద్దదా, ముట్లు ఆగి ఎన్నేళ్లయింది, దగ్గు ఉందా, విరేచనం సాఫీగా అవుతుందా, మీ అమ్మగారికి ఉండేదా. మా అమ్మకు మూడూ మామూలు కాన్పులే. నేను పుట్టేటప్పుడు రాత్రంతా నొప్పులు పడి, చివరికి పట్టకారుతో తీశారట. గర్భసంచిని కింద నుంచి మోసే కండరాలు, పట్టి ఉంచే కట్లు అప్పుడే సాగిపోయి ఉంటాయి. ముట్లు ఆగాక ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోను తగ్గి అవి ఇంకా పల్చబడ్డాయి. వీటికి తోడు పదేళ్ల ఆయాసం దగ్గు, ఇరవయ్యేళ్ల మలబద్ధకం. రోజూ ముక్కీ ముక్కీ కూర్చునే మనిషికి వేరే బరువెందుకండీ? దగ్గినా ముక్కినా కడుపులో ఒత్తిడంతా పడేది అక్కడే. బరువులెత్తడం మంచిదని అనను, కానీ నన్నడిగితే కాన్పుల తర్వాత అసలు దొంగలు ఈ దగ్గూ మలబద్ధకమే.

అన్నట్టు, సిజేరియన్ అయినవాళ్లకు రాదని ధీమాగా చెప్పేవాళ్లను నమ్మకండి. వాళ్లకు తక్కువే, అసలు రాదని కాదు. పిల్లలు లేనివాళ్లకూ అరుదుగా వస్తుంది. మనిషి బాగా లావుగా ఉన్నా ఆ కండరాల మీద భారం పడుతుంది.

ఇంకో బాధ కూడా చెప్పాలి. "బాలింతప్పుడు ఒళ్లు జాగ్రత్తగా చూసుకోలేదు" అని మా బంధువులు అమ్మనే తప్పుపట్టారు. ఆ మాటలకు భయపడే కదా ఆడవాళ్లు రెండేళ్లు నోరు మూసుకుని ఉండేది! అంతకుముందు చూపించిన ఇంకో డాక్టరైతే కుర్చీలో కూర్చోకముందే గర్భసంచి తీసేద్దాం అన్నాడు. మాకు ఆ అవసరం రాలేదు. రింగ్ పెసరీ, అంటే గర్భసంచి కిందికి జారకుండా లోపల ఆపి ఉంచే రింగు, పెట్టారు; కొన్ని నెలలకోసారి తీసి శుభ్రం చేయించుకుని రావాలి. దగ్గుకీ మలబద్ధకానికీ సరైన మందులు రాశారు. మీ అత్తగారికి ఏది సరిపోతుందో చూసిన డాక్టరే చెప్పాలి, ముందు తీసుకెళ్లండి.

దగ్గు వచ్చేముందు కింది కండరాలు బిగపట్టమని అమ్మకు నేర్పారు. ఇప్పుడు ఎదురుగా కూర్చుంటే ఆవిడ మొహం చూసే చెప్పేస్తాను, దగ్గు రాబోతోందని.